రాయి గాలిలో ఉండగా

కాలు తియ్యకూడదు. దావీదురాజుకు ఇప్పుడు లోకంలో తెలిసిన సంగతి అదొక్కటే. కుడికాలి కింద ఇనుప పెడలు, పెడలు పట్టులో బ్రేకు, బ్రేకు పట్టులో ఉక్కుతీగల మోకు, ఆ మోకు క్రేను మెడ మీదుగా పాకిపోయి అవతలి కొసన వేలాడదీసిన రాతిదిమ్మె, దిమ్మె కింద గుంతలో ముఠాపెద్ద ఈరన్న. దిమ్మె అంటే అంతా ఇంతా కాదు, బండిలో వేస్తే ఇరుసు విరగాల్సిందే. హంద్రి ఒడ్డున, కల్లూరు వైపు, వంతెన స్తంభం పునాదిలోకి దాన్ని దింపుతున్నారు. పరిచిన సున్నం మీద ఏదో పెళ్ళ పడిందని ఈరన్న గుంతలోకి దిగి చేత్తో తీస్తున్నాడు, అంతలో పొద్దున పెట్టిన పక్కరాయి తడి సున్నం మీద జారివచ్చి ఆయన పాదాన్ని పట్టుకుంది. ముసలాయన అరవనైనా అరవలేదు. ముల్లు గుచ్చుకున్నట్టు "హుఁ" అని కూలబడ్డాడు. దావీదురాజు బ్రేకు తొక్కి రాయిని ఆపాడు. తిరిగి పైకి లాగుదామనుకునేలోపల ఇంజను రెండు దగ్గులు దగ్గి చచ్చింది. పెట్రోలు! యుద్ధం అయిపోయిందన్న మాటే గానీ కంట్రోలు ఎక్కడ పోయింది? చీటీ పట్టుకుని కాంట్రాక్టరు మనిషి సైకిలెక్కి కర్నూలుకు పోయాడు, పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. ఇంజను లేకపోతే రాయి పైకి పోదు, పక్కకూ పోదు. కిందికి పోవడానికి మాత్రం దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఈ కాలొక్కటి జరిగితే చాలు.

పెడలుకు కొక్కెం ఉండాలి నిజానికి. తొక్కి కొక్కెం తగిలిస్తే మనిషి దిగిపోయి తీరిగ్గా బీడీ కాల్చుకుని రావచ్చు. కానీ ఈ క్రేను యుద్ధంలో ఏ దేశాన ఏం మోసిందో, మిలిట్రీ వేలంలో కాంట్రాక్టరు చేతికి వచ్చేనాటికే కొక్కెం పన్ను అరిగిపోయింది. చేయిద్దాంలే, చేయిద్దాంలే అని ఆయన జరుపుకొచ్చాడు, సరేలే, సరేలే అని తను ఊరుకున్నాడు. మొదట్లో ఒకసారి పెడలుకు గడ్డపార అడ్డం పెట్టి చూస్తే అది ఎగిరి మొహం పక్కనుంచి పోయింది, కంకర తొట్టి వెళ్ళి ఇసుకలో కూరుకుపోయింది. అప్పటినుంచి కాలే కొక్కెం. మోకాలు వణకడం మొదలై ఎంతసేపయిందో. తొడలో ఒక నరం బిగుసుకుని, వదిలి, మళ్ళీ బిగుసుకుంటోంది. కింద ఇద్దరు మనుషులు ఈరన్నకు అటొక దొంతి ఇటొక దొంతి రైలుపట్టాల దుంగలు పేరుస్తున్నారు. ఆ రెండు దొంతుల మీద రాయిని కూర్చోబెడితే గండం గడిచినట్టే, ఆపైన తీరిగ్గా పక్కరాయిని గడ్డపారలతో ఎత్తి పాదం బయటికి తీసుకోవచ్చు. కానీ ఉన్న దుంగలన్నీ వేసినా దొంతికీ రాయికీ మధ్య జానెడు ఖాళీ మిగిలేట్టుంది. రాతిముక్కలు దూరుద్దామంటే జారతాయి. ఆ జానెడూ రాయే దిగాలి. దభీమని పడితే దొంతులు చెదిరిపోతాయి, దొంతులు చెదిరితే ఇంకేముంది. మెల్లగా, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దింపాలి. దింపవలసింది ఈ కాలే. తొక్కినదాన్ని వెంట్రుకవాసి వదలాలి, వదిలీ వదలకముందే పట్టాలి.

తొక్కు, ఇడువు. తొక్కు, ఇడువు. ఖాదర్ ఉస్తాదు గొంతు చెవిలో పడింది. గువ్వలచెరువు కనుమ, కడప నుంచి రాయచోటికి పోయే బస్సు, పక్కసీటులో ఉస్తాదు అత్తరు వాసన. "బేటా, దిగుడులో బ్రేకును తొక్కిపెట్టి కూచుంటే పట్టా కాలిపోతది. తొక్కు, ఇడువు. బ్రేకుకు గూడా ఊపిరాడాల." దొరల ఆసుపత్రి కారు తుడవడంతో మొదలుపెట్టి, దాన్ని తోలడం నేర్చి, మనిషన్నవాడు బస్సు తోలితేనే అని ఆయన దగ్గర చేరిన రోజులవి. ఆ మాట చెవిలోంచి కాలిలోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. ఎన్నేళ్ళ కాపురం! కనుమలు మారాయి, బస్సులు మారాయి, ఉస్తాదును ఖబరస్తానుకు మోసుకుపోయారు, కాలు మాత్రం తొక్కి విడుస్తూనే ఉంది. క్రేను ఎక్కిన మొదటిరోజు కూడా కాలు అదే పని చేసింది. బరువు దిగుతోంది కదా, దిగుడే కదా అనుకుంది వెర్రికాలు. తొక్కింది, విడిచింది. అంతే, రాయి మూరెడు జారి ఆగి, మోకు 'జుయ్'మని, క్రేను వెనకచక్రాలు లేచినంత పనై, కింద ముఠా అంతా కప్పల్లా తలోదిక్కు దూకారు. ఛీ, ఎంత సిగ్గు! ఈరన్న ఒక్కడే దూకలేదు. నింపాదిగా వచ్చి, తుపుక్కున ఉమ్మి, "ఇది కనుమ గాదప్పా. ఈడ రాతికి ఊపిరాడగూడదు" అన్నాడు. తిట్టి ఉంటే ఆ సాయంత్రమే పని వదిలేసి పోయేవాడు దావీదురాజు. ముసలాయన తిట్టలేదు. మర్నాటినుంచి మధ్యాహ్నం పూట అందరూ సంగటి ముద్దలు మింగుతుంటే, ఖాళీ తొట్టిని తగిలించి, పైకెక్కి వచ్చి దావీదురాజు మోకాలి మీద చెయ్యి పెట్టి కూర్చునేవాడు. చెయ్యి ఎంత నొక్కితే కాలు అంత నొక్కాలి, చెయ్యి ఎంత సడలితే కాలు అంత సడలాలి. బొబ్బలు కాసి కాసి తాబేటి చిప్పలా అయిన చెయ్యి, అయినా ఎంత తేలిక! అలా నేర్పాడు. నేర్పినవాడే ఇప్పుడు ఆ రాయి కింద ఉన్నాడు. ప్రభువా, ఇదెక్కడి లెక్క తండ్రీ.

విడువు, విడువు అంటోంది కాలు. ఒక్క క్షణం, ఒక్క ఊపిరి. వద్దే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఇంకేదైనా తలుచుకోవాలి. బొగ్గు బస్సు తలుచుకుందాం. పెట్రోలు దొరకని రోజుల్లో బస్సు వెనకాల పొయ్యి కట్టుకుని, బొగ్గు పొగతో నడిపిన బస్సు. తెల్లవారుజామున కండక్టరు బాలస్వామి పంఖా తిప్పుతూ, బస్సును అమ్మనా బూతులు తిడుతూ, నిప్పు రాజుకోగానే దానికే దణ్ణం పెట్టేవాడు. కర్నూలు, నంద్యాల, అక్కడినుంచి మహానంది. చెరువు నిండా నీళ్ళు చూడని ఊళ్ళ జనం కోనేట్లో ఊరే నీళ్ళు చూసి వచ్చి, తిరుగుదారి పొడుగూతా ఆ నీళ్ళ ముచ్చటే చెప్పుకునేవాళ్ళు. తడిబట్టల వాసన, విభూతి వాసన, టెంకాయ వాసన, వాటిమీద బొగ్గు కంపు. ఎత్తు వస్తే మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. అయినా "దావీదప్ప తోల్తే కడుపులో సల్ల కదలదమ్మా" అనేవాళ్ళు ఆడవాళ్ళు. అరటిపండొకటి, బొరుగుల పొట్లమొకటి ఇంజను మీద పెట్టిపోయేవాళ్ళు. ఇక్కడ ఎవరు పెడతారు? ఈ బండి ఏ ఊరికీ పోదు. కల్లూరు వాళ్ళు దీన్ని ఇనప కొంగ అంటారు, దానిమీద కూర్చున్నవాణ్ణి మాత్రం ఇప్పటికీ డ్రైవరప్పా అంటారు. తోలడానికి దారి లేని డ్రైవరు! బస్సులో చూపు ముందుకు పోయేది, చూసేకొద్దీ కొత్త ఊరు వచ్చేది. ఇక్కడ చూపంతా ఒక్కచోటే, మద్దిలేటి చెయ్యి.

మద్దిలేటి ఈరన్న కొడుకు. చెయ్యి చాపి వేళ్ళు ఆడిస్తే మెల్లగా దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. నోటిమాట లేదు. ఇది ఈరన్న ముఠాలో కట్టుబాటు. కొత్తగా వచ్చినవాడికి గడ్డపార ఇవ్వకముందే చెబుతాడు. "రాయి గాలిలో ఉండంగా నోరు తెరిసినోడు నా ముఠాలో ఉండగూడదప్పా. ఒక నోరు దించంటాది, ఒక నోరు ఆపంటాది. ఆ రెండు నోళ్ళ మధ్య నా తమ్ముడు పోయినాడు." అందుకే ఇప్పుడు ఇంతమంది ఉండి కూడా ఎవరూ కిక్కురుమనడం లేదు. దుంగ మీద దుంగ పడుతున్న చప్పుడు, హంద్రి నీళ్ళ చప్పుడు, అంతే. గుంతలోంచి ఒక్క మూలుగైనా రాదే! తను పెట్టిన కట్టుబాటుకు తనే కట్టుబడి పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు ముసలాయన. పొద్దు జగన్నాథగట్టు వైపు వాలిపోతోంది. అయ్యో, పొద్దు. కాలి గొడవలో పడి పొద్దు సంగతే మరిచాడు. గుండె ఒక్కసారి కిందికి జారినట్టయింది. కాదు కాదు, జారకూడదు, ఏదీ జారకూడదు.

ఈ పొద్దుతోనే వచ్చింది తన జీవితానికి తంటా. మొదట్లో కళ్ళలో బొగ్గు పొగ అనుకున్నాడు. నంద్యాల దాటి వస్తుంటే, ఆకాశం ఇంకా తెల్లగానే ఉంటుంది, నేల మాత్రం కనపడదు, దారి మీద ఎవరో కంబళి కప్పినట్టు. గొర్రెలమంద ఎదురుగా వస్తే దుమ్మనుకుని పోనిచ్చాడొకసారి. బాలస్వామి కనిపెట్టాడు. అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం కాగానే వచ్చి వెనకసీటులో కూర్చుని, ఎడమకు తిప్పాలంటే ఎడమభుజం తట్టేవాడు, కుడికైతే కుడిభుజం. భుజాల మీది తట్లతో బస్సు తోలాడు దావీదురాజు, దేవుడా, నలభైమంది జనాన్ని కూర్చోబెట్టుకుని! ఒక సాయంత్రం బాలస్వామి తట్టలేదు, అరిచాడు. బ్రేకు తొక్కి దిగి చూస్తే, గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి, బస్సు ముక్కుకూ ఆమెకూ మధ్య చెయ్యి దూర్చే చోటు లేదు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు, మోపు సర్దుకుని "నాకు ముగ్గురు పిల్లోళ్ళప్పా" అని పక్కకు పోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. భార్య సంతోషమ్మ విన్నది. విని, "బస్సు తోలకపోతే మనం సస్తామా? తోల్తే ఇంకెవుర్నో సంపుతాము. ఏది మేలో నువ్వే సెప్పు" అన్నది. తాళంచెవులు ఇచ్చేసి వచ్చాడు. ఎందుకు మానావంటే, చాలైందిలే అన్నాడు. రేచీకటి అని ఎవరితో చెప్పుకుంటాడు? మేక కార్జం కాల్చి పెట్టింది సంతోషమ్మ, మునగాకు పప్పులో వేసింది, రొట్టెలో వేసింది, సందు దొరికితే నీళ్ళలోనూ వేసేది. గుడిలో పాదిరిగారి చేత ప్రార్థన చేయించింది. కొంచెం మేలు, మళ్ళీ మామూలే. ఇంజనూ బ్రేకూ తెలిసినవాడు కావాలట, క్రేను మీదికి, అని ఎవరో అంటే ఆమె అడిగిన మాట ఒక్కటే. "పగటిపూట పనేనా?"

పగటిపూట పనే. అదృష్టం కొద్దీ ఈరన్నకు ఒక పట్టింపు. పొద్దు వాలాక వేసిన సున్నం పట్టదంటాడు, కాంట్రాక్టరు ఎంత మొత్తుకున్నా వినడు, ఎండ పసుపెక్కగానే ముఠాను లేపేస్తాడు. ఆ పట్టింపుకు లోలోపల ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నాడో. ఇంకో అదృష్టం, కల్లూరుకు పోయే దారి. గుండ్లూ గుంతలూ, మామూలు కళ్ళకే కష్టం. ఈరన్న ముందు నడుస్తూ గడ్డపారతో రాళ్ళమీద ఠంగు ఠంగుమని తట్టుకుంటూ పోతాడు. "పాములుంటాయప్పా" అంటాడు. ఆ చప్పుడు పట్టుకుని వెనక నడిస్తే చాలు, ఎక్కడ గుంత ఉంటే అక్కడ రెండు తట్లు పడతాయి, నేరుగా ఇంటి వాకిట్లో తేలతాడు. ముసలివాళ్ళ పిచ్చి కూడా ఒక్కోసారి ఎంత పనికొస్తుంది అనుకుని నవ్వుకునేవాడు. ఇప్పుడు ఆ గడ్డపార ఎక్కడో గుంత గట్టున పడి ఉంటుంది. ఎక్కడ? గట్టు కనపడటం లేదు. క్రేను మెడ కనపడుతోంది, మెడ వెనక ఆకాశం కనపడుతోంది. మోకు సగందాకా కనపడి ఆపైన కరిగిపోయింది. వచ్చేసింది. కంబళి కప్పేసింది.

దుంగల చప్పుడు ఆగింది. అయిపోయాయన్నమాట. ఇప్పుడు మద్దిలేటి చెయ్యి చాపి ఉంటాడు. ఎవరో లాంతరు వెలిగించారు, అది దావీదురాజుకు పచ్చగా ఒక మరకలా తెలిసింది. మరక పైకి లేచింది. దాని పక్కన చెయ్యి ఉండాలి. వేళ్ళు ఆడుతున్నాయా? పిడికిలా? ఏమీ లేదు, మరకే. కాలు ఇప్పుడు తనది కాదు, ఎవరిదో కాలు, ఎవరో తన నడుముకు తగిలించారు. ఊహించి దింపితే? జానెడే కదా, ఎన్నిసార్లు దింపలేదు! గొర్రెలమందను దుమ్మనుకున్నది కూడా ఊహే. చెబితే రేపటినుంచి ఈ పెడలూ లేదు, ఈ కొంగా లేదు. ఎక్కడికి పోతాడు? రేచీకటివాడని కర్నూలు నుంచి కడప దాకా పాకిపోతుంది, ఇంకెవడూ ఇంజను ముట్టుకోనివ్వడు. సంతోషమ్మ మునగాకు ఏరుతూ కూర్చుంటుంది. చెప్పకపోతే? నాకు ముగ్గురు పిల్లోళ్ళప్పా, అన్నది గడ్డిమోపు ఆమె. ఆ మాట అరచి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాడు. మెల్లగా అన్నది.

"మద్దిలేటీ! నీ చెయ్యి నాకు కనపడల్యా."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. చీకట్లో జనం ఉలిక్కిపడ్డ అలికిడి. "నోరు ముయ్యప్పా, రాయి గాలిలో ఉండాది!" అని ఎవరో గుసగుసగా కసిరారు.

"లాంతరు ఎత్తినాం గదన్నా" అన్నాడు మద్దిలేటి. పచ్చని మరక ఇంకొంచెం పైకి లేచింది.

"లాంతరుతో కాదప్పా. నాకు రేచీకటి. పొద్దు వాలితే ఏమీ కనపడదు నాకు. శానా ఏండ్లాయ."

ఒక్కసారిగా కట్టుబాటు తెగిపోయింది. నోళ్ళన్నీ లేచాయి. రేచీకటోని చేతికి మన పానాలు ఇచ్చినామా అని ఒకడు, వాణ్ణి దింపి ఇంకొకర్ని ఎక్కించండని ఒకడు, ఎవర్ని ఎక్కిస్తావురా, నీకొస్తాదా అని ఇంకొకడు. సరిగ్గా ఈరన్న తమ్ముడు పోయినరోజు కూడా ఇలాగే ఉండి ఉంటుంది. దావీదురాజు కళ్ళు మూసుకున్నాడు. తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. కాలు, కాలు, కాలు.

"అరవగాకండ్రా!" గుంతలోంచి వచ్చింది గొంతు, సంగటి తింటూ పచ్చిమిరపకాయ అడిగే గొంతే. అందరూ ఆగిపోయారు. "ఆయప్పకు కనపడదని మీకు ఈ పొద్దు తెలిసె. నాకు ఆయప్ప వొచ్చిన వారానికే తెలుసు. ఏమప్పా దావీదూ, నేను పాముల కోసరం తట్టినాననుకుంటివా? సున్నానికి పొద్దేంది, గిద్దేంది?"

దావీదురాజు గొంతు వచ్చినవైపు తల తిప్పాడు.

"ఇనపడతాందా?"

"ఇనపడతాంది మామా."

"మద్దిలేటీ, నువ్వు చెయ్యి దించు. రాయి నా నెత్తిమీద ఉండాది, నేనే సెప్తా. నా చెయ్యి రాతికి ఆనించినాను. నేను రానీ అంటాంటే రానీ. మాట ఆగితే ఆపు. నీ మోకాలి మీద నా చెయ్యి ఉండాదనుకో."

రానీ. పెడలు వెంట్రుకవాసి లేచింది. రానీ, రానీ. మోకు కిర్రుమంది. ఆ చెయ్యి నిజంగానే మోకాలి మీద ఉంది, తాబేటి చిప్పలాంటి చెయ్యి, ఎంత సడలితే అంత. రానీ. విడువు అంటోంది కాలు, ఉస్తాదూ, నీ మాట దాటుతున్నాను, క్షమించు, ఇది కనుమ కాదు, ఇక్కడ ఊపిరాడకూడదు. రానీప్పా, రానీ. మాట ఆగింది. ఆపాడు. ఎందుకాగింది? దగ్గు. ముసలాయన దగ్గుతున్నాడు, సున్నం దుమ్ము. నరం తొడలోంచి నడుములోకి ఎగబాకింది, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. దగ్గు మామా, తీరిగ్గా దగ్గు, నేనున్నాను. రానీ. ఇంగ వేలెడు. రానీ, రానీ, నా తండ్రి, రానీ. దుంగలు మూలిగాయి. బరువు మీద పడ్డప్పుడు ఎద్దు మూలిగినట్టు మూలిగి, సర్దుకున్నాయి. మోకు సడలి క్రేను మెడకు తగిలి టప్పుమంది.

"కూచుండె" అన్నాడు ఈరన్న. "ఇంగ కాలు తియ్యప్పా."

కాలు రాలేదు. ఎంత చెప్పినా రాలేదు, పెడలుకు అతుక్కుపోయింది. చివరికి మద్దిలేటి పైకెక్కి వచ్చి, రెండు చేతులా ఆ పాదాన్ని పట్టుకుని ఎత్తి పక్కన పెట్టాడు. పెట్టి, కాసేపు చేతులు తియ్యలేదు.

పాదం నలిగింది గానీ తెగిపోలేదు. ఈరన్నను బయటికి తీసి నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. రేపు ఏమంటారో, ఉండమంటారో పొమ్మంటారో, ఎవరూ అనలేదు, దావీదురాజు అడగలేదు. మంచం కదిలింది. నడిచే మనుషుల కాళ్ళ చప్పుడు కలగాపులగంగా ఉంది, ఎటు పోతున్నారో తెలియలేదు, తిమ్మిరెక్కిన కాలితో క్రేను పక్కనే నిలబడిపోయాడు. అప్పుడు వినిపించింది. మంచం మీద వెల్లకిలా పడుకున్న ముసలాయన ఎవరి చేతిలోంచో ఉలి అడిగి తీసుకున్నట్టున్నాడు, మంచంపట్టె మీద టక్కు టక్కుమని కొడుతున్నాడు. ముందు గుంత ఉన్నట్టుంది, రెండు తట్లు పడ్డాయి. దావీదురాజు పక్కకు జరిగి, ఆ చప్పుడు పట్టుకుని నడిచాడు.